అలిగిన యంత్రాల ఇల్లు

బాబాయిగారి నోట ఎన్ని మాటలైనా వస్తాయి గానీ "పనిచెయ్యదు" అన్న మాట మాత్రం రాదు. పీక మీద కత్తి పెట్టినా రాదు. తిరగని చక్రం, వెలగని దీపం, నీళ్ళు కాగని బాయిలరు, ఏది ముందు పెట్టినా సరే, దాని చుట్టూ ఒకసారి తిరిగి, కళ్ళజోడు సర్దుకుని, "అలిగింది" అంటారు. ఆయన లెక్కలో యంత్రం చెడిపోదు, అలుగుతుంది. అలిగినవాళ్ళని బతిమాలుకోవాలి గానీ బయట పారేస్తామా అని ఆయన వాదన.

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేను ఎన్నిసార్లు అలిగానో! ఒక్కసారైనా బతిమాలారా?" అని పిన్నిగారు అడుగుతూనే ఉంటారు.

"నువ్వు అలిగినా పనిచేస్తూనే ఉంటావు కదోయ్. అందుకని తెలీలేదు" అంటారు ఆయన.

పిన్నిగారంటే ఆయన ఇల్లాలు. మంచి పేరంతా బాబాయిగారిది, నడుంనొప్పంతా ఆవిడది.

బాబాయిగారు వయసులో ఉండగా ఫ్యాక్టరీలకి పొగగొట్టాలు చేసి అమ్మేవారు. ఊళ్ళో ఎటు తలెత్తి చూసినా ఆయన గొట్టమే, దాని మీద నల్లటి పొగే. ఒకనాడు మేడమీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగింది. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "ఇది నా పొగే" అన్నారు. ఆ ఏడే కంపెనీ అమ్మేశారు. అప్పట్నుంచీ పొగ రాని యంత్రం చేస్తామని ఎవరొచ్చినా డబ్బు పెడుతున్నారు. మిగతా పెట్టుబడిదార్లు లాభమెంత, మార్కెట్టెంత అని అడుగుతారు. ఈయన మాత్రం "దీన్ని మా ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడుగుతారు. తన ఇంట్లో తను వాడనిది ఊరికెలా అంటగడతానని ఆయన పట్టుదల.

అన్నీ అలిగాయనుకునేరు! ఆయన చలవ వల్ల ఎండతో నడిచే పంపులు పొలాల్లో నీళ్ళు తోడుతున్నాయి. కరెంటు పోయినా చల్లగా ఉండే మందుల పెట్టెలు ఆసుపత్రులకి చేరాయి. వాటిని చేసినవాళ్ళు పెద్దపెద్ద ఆఫీసుల్లో కూర్చున్నారు. పైకొచ్చినవాళ్ళకి తీరికేదీ? వాళ్ళు ఈ గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో. వచ్చేదల్లా యంత్రాలు అలిగినవాళ్ళే.

చుట్టాలు ఇచ్చిన వికారమైన బొమ్మని అటక మీద పడేసి, వాళ్ళు వచ్చే రోజున దింపి హాల్లో పెట్టడం ఎవరైనా చేసేదే. బాబాయిగారింట్లో ఆ మర్యాద యంత్రాలకి జరుగుతుంది. అలిగినవన్నీ మేడగదిలో ఉంటాయి. చేసినవాళ్ళు వస్తున్నారని తెలిస్తే, వాళ్ళది కిందికి దిగుతుంది, నిన్నటిది పైకెక్కుతుంది.

"ఏమోయ్, రేపు గాలి మాస్టారు వస్తున్నారు."

"అయితే ఫ్యాను దింపాలి, అద్దాల గొడుగు ఎక్కించాలి. మీ నడుం అలిగితే నన్ను బతిమాలమనకండి."

ఈ గాలి మాస్టారు బడిలో సైన్సు చెప్పే ఉద్యోగం వదిలేసి ఫ్యాను కనిపెట్టిన మనిషి. డాబా మీద గాలిమర, గదిలో ఫ్యాను, రెంటికీ మధ్య ఒక పొడుగాటి తీగ. కరెంటు బిల్లు పైసా లేదు. చిక్కల్లా ఒక్కటే, బయట గాలి వీస్తేనే లోపల ఫ్యాను తిరుగుతుంది. బయట గాలి వీస్తుంటే కిటికీ తెరుచుకోవచ్చు కదా అని కొన్నవాళ్ళందరూ అడిగారు. కంపెనీ మూతపడింది.

రెండో ఆయన అద్దాలాయన. అంతకుముందు ఫోటో స్టూడియో నడిపేవారు. వంటకని ఈయన చేసిన అద్దాల గొడుగు ఎండనంతా పోగుచేసి ఒక్కచోట పోస్తుంది. మిట్టమధ్యాహ్నం దాని ముందు ఇనుము కూడా ఎర్రబడుతుంది. సూర్యుడు కాస్త వాలాడా, అంతే సంగతులు. ఊళ్ళో అందరూ రాత్రి వంటకి మధ్యాహ్నమే పొయ్యి వెలిగించరు కదా! పైగా అది ఒకరోజు పిన్నిగారి కొత్త పరదాకి పళ్ళెమంత చిల్లు పెట్టింది. అద్దాలాయన బిక్కచచ్చిపోయారు. బాబాయిగారు ఆ చిల్లులోంచి వీధిలోకి తొంగిచూసి, "గదిలోకి వెలుతురు బాగా వస్తోందోయ్" అన్నారు.

మూడోది ఇసుకమ్మాయి. పిన్నిగారికి ప్రాణం. షెడ్డులో పనిచేసి జుట్టునిండా ఇసుకతో వచ్చి, సోఫాలో కూలబడి, "పిన్నిగారూ, ఆకలి" అనే పిల్ల. ఆ అమ్మాయి చేసిన పెట్టెనిండా ఇసుక. పగటి వేడిని అందులో దాచిపెట్టి, సాయంత్రం నీళ్ళు కాచుకోవడానికో బట్టలు ఆరబెట్టుకోవడానికో వాడుకోవాలని ఎత్తు. దాచడం మాత్రం దాస్తుంది. ఒకసారి లోపలికి చేరిన వేడి రెండోరోజుకీ పోదు. కాకపోతే లోపలికి చేరడానికి మొరాయిస్తుంది, చేరింది బయటికి రానని మొండికేస్తుంది.

ఆ అమ్మాయి వచ్చినప్పుడల్లా బాబాయిగారు కాఫీ కప్పు అందిస్తూ "నీ పెట్టెలో కాగిన నీళ్ళేనమ్మా!" అనేవారు. వంటింట్లో గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడి పిన్నిగారు గుటకలు మింగేవారు. యంత్రాలవాళ్ళు ఏ ఇద్దరూ ఒకేరోజు రాకుండా చూసుకునే పూచీ కూడా ఆవిడదే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు.

అలాంటిది ఒకరోజు ఇసుకమ్మాయి ఫోన్ చేసింది.

"పిన్నిగారూ, షెడ్డు ఖాళీ చేసేస్తున్నాను. ఇంక నావల్ల కాదు. సోమవారం ఉద్యోగంలో చేరతాను."

"ఉద్యోగమా? ఎక్కడమ్మా?"

"బాబాయిగారు అమ్మేసిన కంపెనీలోనే. పొగగొట్టాలకి నమూనాలు గియ్యాలట. మీ ఇంట్లో ఉన్న పెట్టె కూడా పట్టుకెళ్ళి పాత ఇనుముకి వేసేస్తాను. ఆదివారం పదకొండింటికి వస్తాను."

పిన్నిగారు సంగతి చెబితే బాబాయిగారు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయారు. తరవాత డాబా మీదికెళ్ళి ఎవరితోనో ఫోన్లో గుసగుసలాడారు. పాత స్నేహితులతో గోడు వెళ్ళబోసుకుంటున్నారు కాబోలని ఆవిడ ఊరుకున్నారు.

"ఆ పిల్లని ఎలాగైనా ఆపండి. ఇంత తెలివి పెట్టుకుని పొగగొట్టాలు గీస్తుందా!" అన్నారు పిన్నిగారు, ఆయన దిగి రాగానే.

"ఆపడానికి మనమెవరం? చెయ్యగలనని దానికే అనిపించాలి" అన్నారు ఆయన.

ఆదివారం పొద్దున్నే ఇసుక పెట్టె హాల్లోకి దిగింది. పదకొండింటికి ఇసుకమ్మాయి తోపుడుబండితో సహా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బాబాయిగారు అలవాటు ప్రకారం కాఫీ అందించి, "నీ పెట్టె నీళ్ళేనమ్మా" అన్నారు. ఆ అమ్మాయి తల వంచుకుని తాగుతోంది. ఇంతలో తలుపు చప్పుడైంది.

పిన్నిగారు తీసి చూస్తే గాలి మాస్టారు!

ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "రండి, రండి... కాదు, అక్కడే కూర్చోండి. వరండాలో చల్లగా ఉంది."

"లోపల మన ఫ్యాను ఉందిగా తల్లీ, ఇంకా చల్లగా ఉంటుంది" అంటూ ఆయన నేరుగా హాల్లోకొచ్చి పైకి చూశారు. ఫ్యాను ఉండాల్సినచోట వట్టి కొక్కెం ఉంది. "ఏదీ?"

"తుడుస్తున్నాం" అన్నారు పిన్నిగారు. "బాగా తిరిగిందేమో, దుమ్ము పట్టింది."

మళ్ళీ తలుపు చప్పుడు. ఈసారి అద్దాలాయన. కొంప మునిగిందనుకున్నారు పిన్నిగారు. ఆయన హాల్లో ఆగనైనా ఆగలేదు. "నా గొడుగు డాబా మీదుంది కదూ, ఎండ బాగుంది, ఒకసారి చూసొస్తా" అంటూ గబగబా మెట్లెక్కేశారు. పిన్నిగారు వెనకే పరుగెత్తారు. అందుకోలేకపోయారు. ఎప్పుడూ తాళం వేసి ఉండే మేడగది ఆవేళ బార్లా తెరిచి ఉంది.

"బాబాయిగారూ! నా గొడుగు మీద తువ్వాళ్ళు ఆరేశారేమిటండీ?" అని పైనుంచి కేక.

అందరూ పైకెళ్ళారు. గదిలో గొడుగు తిరగేసి ఉంది, దాని పక్కన ఫ్యాను గోడకి ఆనుకుని ఉంది. వాటి వెనక తొక్కితే బట్టలుతికే యంత్రం, చెత్తతో వెలిగే దీపం, పేరు పెట్టకుండానే మూలపడ్డ మరో పది. అన్నిటిమీదా ఒకే మందాన దుమ్ము. బాబాయిగారు తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఇసుకమ్మాయి చేతిలో ఇంకా కాఫీ కప్పు ఉంది. "అయితే ఈ కాఫీ?"

"గ్యాస్ మీద కాచిందే తల్లీ" అన్నారు పిన్నిగారు. ఆవిడకి ఏడుపొచ్చింది.

"ఇన్నాళ్ళూ నాటకమా? ఒక్కసారి, ఒక్కసారి నిజం చెప్పండి బాబాయిగారూ. నా పెట్టె పనిచేస్తుందా, చెయ్యదా?"

బాబాయిగారు ఇటు తిరిగారు. కళ్ళజోడు సర్దుకున్నారు.

"పనిచెయ్యదమ్మా" అన్నారు ఆయన. గాలి మాస్టారివైపు చూసి, "మీదీ పనిచెయ్యదు" అన్నారు. అద్దాలాయనతో, "నీదీ అంతే. పరదా తగలబెట్టావు కూడా" అన్నారు.

కాపురానికొచ్చాక పిన్నిగారు ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. మీద పిడుగు పడ్డా అంత బెదిరేవారు కాదు. ఆ తరవాత చూడాలి! ముగ్గురూ ఒక్కసారిగా ఆయన మీద పడ్డారు. "మాతో ముందే చెప్పాల్సింది" అని ఒకరు, "మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారు" అని ఒకరు. అంతకుముందు ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగినట్టు ఒకరి మాట ఒకరు అందుకుని తిట్టారు. బాబాయిగారు చేతులు కట్టుకుని అన్నీ పడ్డారు.

"అసలు నీ పెట్టె ఎందుకు అలిగిందమ్మా?" అన్నారు గాలి మాస్టారు, తిట్టి తిట్టి అలిసిపోయాక.

"ఇసుకలోకి వేడి దిగదండీ. పైనే ఉండిపోతుంది."

"దిగదేం? వేడిగాలి ఊదితే చచ్చినట్టు దిగుతుంది."

"ఊదడానికి కరెంటు పెడితే ఇంకేం లాభం?"

"కరెంటెందుకు? నా ఫ్యాను లేదూ!"

"వేడిగాలి ఎక్కణ్ణుంచి తెస్తారు మాస్టారూ?" అన్నారు అద్దాలాయన. అని, తన గొడుగువైపు తనే తిరిగి చూశారు. నోరు తెరిచి ఉండిపోయారు.

"గాలి ఎప్పుడు వీస్తే అప్పుడే కదండీ తిరిగేది?" అంది ఇసుకమ్మాయి.

"ఎప్పుడు వీస్తే అప్పుడే నింపుకో! నీ ఇసుకకి తొందరేమిటి, అది దాచుకునేదే కదా!" అన్నారు మాస్టారు.

తరవాత ఎవరు ఏది మోశారో పిన్నిగారికే తెలీలేదు. ఇసుక పెట్టెని నలుగురూ కలిసి డాబా మీదికి చేర్చారు. గొడుగుకీ పెట్టెకీ మధ్య గొట్టం కావలసివస్తే, బాబాయిగారు మెట్లకింద దాచుకున్న పాత పొగగొట్టం ముక్క లాక్కొచ్చారు. గొడుగు గొట్టాన్ని కాల్చింది, డాబా మీది గాలిమరతో తిరిగే ఫ్యాను అందులోంచి గాలిని ఊదింది, ఇసుక ఆ వేడిని మింగింది. గొట్టంలోంచి పొగ మాత్రం రాలేదు. మధ్యలో రెండుసార్లు పోట్లాడుకున్నారు, ఒకసారి గొట్టం ఊడి మాస్టారి చెయ్యి చురుక్కుమంది.

సాయంత్రం ఎండ గోడ దిగిపోయాక ఇసుకమ్మాయి పెట్టె చిన్నతలుపు తెరిచింది. వేడిగాలి గుప్పున మొహాన కొట్టింది. పిన్నిగారు తడి తువ్వాలు తెచ్చి అడ్డంపెడితే చూస్తుండగానే ఆరిపోయింది. ఇసుకమ్మాయి ఆ తువ్వాల్లో మొహం దాచుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

"పిల్లా, సోమవారం ఉద్యోగమన్నావుగా?" అన్నారు పిన్నిగారు భయపడుతూనే.

"ఏ ఉద్యోగమండీ? మాస్టారు పొద్దున్నే షెడ్డుకొస్తానన్నారు. ఫ్యాను రెక్కలు వంకర తియ్యాలి."

"వంకర నా రెక్కల్లో లేదు, నీ గొట్టంలో ఉంది" అన్నారు మాస్టారు.

పాత ఇనుముకని తెచ్చిన బండిమీద మూడు యంత్రాలూ ఎక్కించుకుని, కొత్త యంత్రానికి ఎవరి పేరు ముందు పెట్టాలో పోట్లాడుకుంటూ ముగ్గురూ వీధి చివర మలుపు తిరిగారు.

పిన్నిగారు తలుపు వేసి, నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "ఏమండీ, మీకు మతి పోయిందా? ఆ పిల్ల వచ్చే వేళకే మిగతా ఇద్దర్నీ రమ్మన్నారు, ఆరోజు డాబా మీద గుసగుసలు వాళ్ళతోనేగా! మేడగది తాళం తియ్యడం కూడా మతిమరుపేనా?"

బాబాయిగారు సోఫాలో వెనక్కి వాలారు.

"ఎవరినైనా పిలిచి 'ఓడిపోయిన ఫలానావాడితో కలిసి పనిచెయ్యి' అంటే ఏమవుతుందోయ్? నేనూ ఓడిపోయానని మొహం మీదే అంటావా అని బాధపడతారు. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కరు. అదే నేను దొంగగా దొరికిపోయాననుకో, ముగ్గురూ కలిసి నన్ను తిడతారు. కలిసి తిట్టినవాళ్ళు కలిసి పనిచెయ్యరూ?"

"అంతమంది చేత తిట్లు తిన్నారు కదండీ!"

"ఓడిపోయామని వాళ్ళు సిగ్గుపడేకంటే, అబద్ధాలాడానని నేను సిగ్గుపడితే నయం. నాకు అలవాటే" అన్నారు ఆయన. అని, కళ్ళు మూసుకున్నారు.

పిన్నిగారు ఆయన్ని కాసేపు అలాగే చూశారు. ఇలాంటి మనిషిని కట్టుకున్నందుకు ఆవిడకి ఆవేళ గర్వంగా ఉంది. అయినా పైకి అంటే నెత్తికెక్కుతారని, మాట్లాడకుండా ఫోన్ తీశారు. ముందు బట్టలుతికే యంత్రం చేసినావిడకి చేశారు. ఆ తరవాత చెత్తదీపం చేసినాయనకి చేశారు. ఇద్దరికీ ఒకే ముక్క చెప్పారు.

"వచ్చే ఆదివారం పదకొండింటికి తప్పకుండా రావాలి. అబ్బే, ఎవరూ ఉండరండీ, మీరొక్కరే."