లూర్దమ్మ పెట్టకోడి వేట

లూర్దమ్మ చేతి అంబలి తాగితే ఎలుగుబంటి కూడా దండం పెట్టి పోతుందని అరకు పక్క ఒక మాట ఉంది. ఎలుగుబంటిని ఎవరూ అడగలేదు కాబట్టి ఆ మాట అలాగే చెల్లుతోంది. పెదబయలులో పుట్టి, సిస్టర్ల హాస్టల్లో వంట నేర్చిన ఆమె, కొండవారన ఉన్న గెస్ట్‌హౌసులో పొయ్యి వెలిగించి చాలా ఏళ్లయింది.

రెండువేల మూడు చైత్రంలో అక్కడికి ఇద్దరు సైంటిస్టులు దిగారు. విశాఖ నుంచి సర్వేశ్వరరావు, బెంగళూరు నుంచి ఎడ్విన్. క్వాంటం కంప్యూటరు మీద పరిశోధన. లెక్కలు ఒకరివి, ప్రయోగం ఒకరిది. ఇద్దరూ కలిసి పేపరు రాద్దామని వచ్చి, ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మాటలు మానుకున్నారు. ఉప్పు కావాలన్నా లూర్దమ్మ ద్వారానే అడిగేవారు.

మేనేజరు ముందే చెప్పి ఉంచాడు. "పెద్దోళ్లు. చిన్న కంప్లయింటొచ్చినా వంటిల్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

ఒక పూట వడ్డిస్తూ ఆమె అడిగింది. "ఆ కంప్యూటరు ఏటి సేత్తది బాబూ?"

"మామూలు కంప్యూటర్లో ఒక్కో గుర్తు సున్నా గానీ ఒకటి గానీ అవుతుందమ్మా," అన్నాడు ఎడ్విన్. "ఇందులో కొలిచేదాకా రెండూ కలిసే ఉండొచ్చు. కొలిస్తే ఒకటే మిగులుతుంది."

"నా గూట్లో గుడ్డులో పుంజున్నాదో పెట్టున్నాదో నాకూ తెల్దు. అలగని రెండూ ఉన్నట్టా?"

"మనకు తెలియకపోవడం వేరు, అసలు తేలకపోవడం వేరు," అన్నాడు సర్వేశ్వరరావు, ఎడ్విన్ వైపు చూడకుండానే.

ఒక్క మాట మీదైనా ఇద్దరూ నిలబడ్డారు కదా అని ఆమెకు ఆశ పుట్టింది. కొండగాలికి కోపాలు దిగుతాయని చెప్పి మర్నాడు ఇద్దరినీ పైకి పంపింది. చర్చికి పోయే మనిషి కావడాన కొండవాళ్ల చైత్రపు వేటపండుగ, ఇటుకల పండుగ, నడుస్తోందన్నది మతికి రాలేదు. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకు పోతారు. ఉత్తచేతులతో దిగినవాడికి ఆడవాళ్లు పేడనీళ్లతో స్నానం చేయిస్తారు. చదువు, ఉద్యోగం చూడరు.

బాట మలుపులో ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని యర్రమ్మ పేడనీళ్ల బిందెలతో కనిపించాక గానీ లూర్దమ్మకు పండుగ గుర్తు రాలేదు. గూట్లో పెట్టను చంకన పెట్టుకుని, అడ్డదారిన ఎక్కి, దిగివస్తున్న ఇద్దరినీ ఆపింది.

"అడివికోడని సెప్పండి బాబూ. సెరో కాలూ పట్టుకోండి, బేగి."

కింద యర్రమ్మ అడ్డం నిలిచింది. "ఎవులు పట్టినారు?"

ఒకరి పేరు చెబితే రెండోవారికి స్నానం తప్పదు. సైంటిస్టులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అదింకా తేలలేదమ్మా," అన్నాడు ఎడ్విన్.

"ఈ వేట ఇద్దరిదీ," అన్నాడు సర్వేశ్వరరావు.

యర్రమ్మ వంగి పెట్ట కాలు చూసింది. పక్కింటి కోళ్లలో కలవకుండా లూర్దమ్మ కట్టిన ఎర్రగుడ్డ పీలిక అలాగే ఉంది.

"అడివికోడికి పీలిక ఎవులు కట్టినారే, లూర్దమ్మప్పా?"

పేడనీళ్లు ముగ్గురికీ సమంగా పడ్డాయి.

గేటు దగ్గర మేనేజరు నిలబడి ఉన్నాడు. తన పొయ్యి ఆరినట్టేననుకుంది లూర్దమ్మ.

"ఏమైంది సార్?"

"వేటకెళ్లాం," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సర్వేశ్వరరావు గడ్డం మీది పేడ తుడుచుకున్నాడు. "వంట కాస్త ఆలస్యమైనా పరవాలేదు. ముందు ఆమెను స్నానం చెయ్యనివ్వండి."

ఆ సాయంత్రం వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఎవరి పేరు ముందు పెట్టుకున్నారో లూర్దమ్మ అడగలేదు. వంటిల్లు ఆమె చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు ఆ పెట్ట రెండు గుడ్లు పెట్టిందనీ, ఆయనకొకటి ఈయనకొకటి అట్టు వేసిందనీ ఆమె చెబుతుంది. పెట్టను కూడా ఎవరూ అడగలేదు.