చెవి మెచ్చిన జవాబు

జోర్డాన్ దేశపు ఇర్బిద్ పట్నంలోని ఆడపిల్లల బడిలో రుదైనా పందొమ్మిదేళ్ళుగా అరబ్బీ వ్యాకరణం చెబుతోంది. పత్రికలో తప్పు కనబడితే ఎర్రసిరాతో దిద్దితే గానీ పక్కన పెట్టని మనిషి. అలాంటి మనిషి అరబ్బీ వ్యాకరణంలోనే డాక్టరేట్ చేయాలన్నా ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలట! ఆ నిబంధన పెట్టినవాడి జిమ్మడ! ఐదుసార్లు తప్పింది. ఆరోసారి కూడా తప్పితే విశ్వవిద్యాలయంలో వచ్చిన సీటు పోతుంది.

ఆమె ప్రాణం తీసేవి చిన్న చిన్న మాటలే. అరబ్బీలో పెళ్ళి ఒకరి 'నుంచి' అవుతుంది, భయమూ ఒకరి 'నుంచే' వేస్తుంది. అందుకని ప్రతిసారీ 'మ్యారీడ్ టు' వదిలేసి 'మ్యారీడ్ ఫ్రమ్' అన్నదానికే గుర్తు పెట్టి వచ్చేది.

"టీచరమ్మా, మీ చెవే మీకు శత్రువు," అన్నాడు కోచింగ్ చెప్పే మున్‌జిర్, విసిగిపోయి. "చెవికి ఏది ఇంపుగా ఉంటే దాన్ని కొట్టేయండి. మిగిలినవాటిలో వెతుక్కోండి."

"ఈ వయసులో చెవులు కూడా మార్చుకోవాలా నాయనా?" అందామె. అయినా నాలుగు నెలలు ఆ మాటే పట్టుకుని సాధన చేసింది. బడి, వంట, అత్తగారి మందులు, ఆపైన ఈ చదువు. తల ప్రాణం తోకకొచ్చింది పాపం.

ఆరోసారి పరీక్ష రాసి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరింది. ఫలితం అక్కడే తెరమీద చూపించేశారు. భర్త గాలిబ్ ఏలకుల కాఫీ కాచి తెచ్చాడు. అక్కడి అలవాటు ప్రకారం ఆలుమగలు ఒకరినొకరు కొడుకు పేరుతోనే పిలుచుకుంటారు.

"ఏమైంది, సుహైబ్ తల్లీ?"

"ఒక్క మార్కు."

"ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువైతే ఇలా కూలబడతానా?" కళ్ళు మూసుకుంది. "'డిపెండ్' పక్కన ఏం రావాలని అడిగారు. 'ఆన్' అని చూడగానే అదేనని తట్టింది. అరబ్బీలో మనమూ ఒకరి 'మీద' ఆధారపడటమే అంటాం కదా! ఇంపుగా ఉందని కొట్టేశాను. 'ఫ్రమ్' పెట్టొచ్చాను. బస్సెక్కాక వెలిగింది."

"ఆ మున్‌జిర్‌గాడు దొరకాలి, చెబుతా!"

"అతన్నేమీ అనకు. నా చెవి ఒక్కసారి నిజం చెబితే నేనే నమ్మలేదు. అలిసిపోయాను, సుహైబ్ నాన్నా. ఇక నావల్ల కాదు."

కాఫీ చల్లారిపోయింది. రేపు పిల్లలకు తిరిగి ఇవ్వాల్సిన పరీక్ష పేపర్లు ముందు వేసుకుంది. మూడో పేపర్లో ఒక పిల్ల సరైన జవాబు రాసి, కొట్టేసి, పక్కన తప్పు రాసింది. పందొమ్మిదేళ్ళలో అలాంటిదానికి రుదైనా ఎప్పుడూ సున్నాయే వేసింది. ఎర్రకలం అందుకుంది. ఈసారి కొట్టేసిన జవాబు చుట్టూ గుండ్రంగా గీసి, పూర్తి మార్కు వేసింది.