నిమ్మకాయకు ఇవతలే ఆగాలి

నలిగిన నిమ్మకాయ వాసన వస్తే నా చూపు తిన్నగా డ్రైవరు పాదం మీదికి పోతుంది. నిన్న బాన్సువాడ బస్టాండు దగ్గర ఎవరో కొత్త ఆటోకు పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి వెళ్ళారు. ఆ పులుపు ముక్కుకు తగలగానే రుక్కిబాయి గుర్తొచ్చింది. ఆమె బీర్కూరు వైపు తండా మనిషి, మా నాట్ల ముఠాకు పెద్ద. ఏ పొలానికి పోవాలో, ఏ బండి ఎక్కాలో ఆమె మాటే మాట. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆమె ఆ భూతాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని తిండి పెట్టి పెంచింది. చాయ్ ఇచ్చినా గ్లాసులోకి ఒకసారి తొంగి చూసిగాని తాగేది కాదు.

నా పెళ్ళైన కొత్తలో ముఠా అంతా మా ఆయన లింబాద్రి ఆటోలోనే పొలాలకు పోయేది. ఆ వానాకాలం బ్రేకులు కీచుమంటుంటే, ఆయన మెకానిక్ దగ్గరికి పోకుండా ఫోన్లో వీడియో చూసి, తనే చక్రాలు విప్పి బ్రేకు షూలు మార్చి, కొత్త ఆయిల్ పోశాడు. చేతులనిండా మడ్డితో నవ్వుతుంటే నాకెంత గర్వమో! మర్నాడు పొద్దున తండాలో అందరూ ఎక్కబోతుంటే రుక్కిబాయి చేయి అడ్డం పెట్టింది.

"బండి ఎవరు బాగు చేసిండ్రు?"

"నేనే చేసిన అక్కా. ఫికర్ చెయ్యకు, మంచిగ ఆగుతది."

"మంచిగ ఆగితే రెండుసార్లు ఎందుకు తొక్కినవ్? నువ్వు వచ్చి ఆపంగ చూసిన. మోకాలు రెండుసార్లు లేచింది."

ఆయన ముఖం మాడిపోయింది. నాకైతే ఒళ్ళు మండింది. ఆమె అక్క కొడుకు ఈమధ్యే ఒక పాత ఆటో కొన్నాడు. మా కిరాయి ఊడగొట్టి వాడికి ఇప్పించడానికే ఈ నాటకమని ఖాయం చేసుకున్నాను. నాట్ల కిరాయి పోతే ఆ ఏడాది మా పొయ్యిలో పిల్లి లేవదు.

రిపేరు తర్వాత చక్రం కింద పెట్టాలని ఆయన నిమ్మకాయ తెచ్చుకున్నాడు. రుక్కిబాయి దాన్ని తీసుకుని, కొంత దూరం నడిచి, గడ్డికుప్పకు ఇవతల దారి మధ్యలో పెట్టింది.

"తొక్కుడు తర్వాత. ముందుగాల దీనికి ఇవతల ఆపు."

ఆయన వచ్చి చక్కగా ఆపాడు. నేను అందరి వైపూ గొప్పగా చూశాను. రుక్కిబాయి మాత్రం వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "గిప్పుడు గూడ రెండుసార్లే తొక్కినవ్. ఎన్కకు తీసి మల్ల నడుపు. గీసారి ఒక్కసారే తొక్కాలె."

ఆయన ఒక్కసారే తొక్కాడు. పెడలు మెత్తగా కిందికి జారిపోయింది. నిమ్మకాయ చితికింది. ఆటో పోయి గడ్డికుప్పలో మూతి పెట్టి ఆగింది. కాలువ కట్ట మీంచి పొలంలోకి దిగే ఏటవాలు దారి నాకు గుర్తొచ్చింది. రోజూ అక్కడ ఆటో నిండా ఆడవాళ్ళం ఉంటాం.

ఆ రోజు ముఠా నడిచే పోయింది. ఆయిల్ పోసినప్పుడు బ్రేకు గొట్టంలో గాలి మిగిలిందని, మళ్ళీ మళ్ళీ తొక్కితే పట్టినట్టే ఉన్నా అక్కరకు పట్టదని మెకానిక్ చెప్పాడు. గాలి తీయించాక, నిమ్మకాయ ముందు ఒక్క తొక్కుకు ఆగాకే రుక్కిబాయి ముఠాను బండెక్కనిచ్చింది.

నా అనుమానం మాత్రం తీరలేదు. నాటు వేస్తూ ఉండబట్టలేక అడిగేశాను. "నిజం చెప్పు అక్కా, కిరాయి మీ అక్క కొడుక్కి ఇప్పియ్యాలనే కదా?"

నారు కట్ట విప్పుతూ నవ్వింది. "అవు, వానికే ఇప్పియ్యాలనుకున్న. గా పొద్దుగాల మీకంటే ముందే వాని బండికి గూడ నిమ్మకాయ పెట్టిన. వాడు నీ మొగనికంటే దూరం పోయి ఆగిండు."

రుక్కిబాయి ఇప్పుడు లేదు. ముఠాను నేనే నడుపుతున్నాను. మా ఆయన గాలి తీయడం కూడా నేర్చుకుని, బ్రేకులు ఇప్పటికీ ఇంట్లోనే విప్పుతాడు. ఆయనంటే నాకు ప్రాణం. అయినా చక్రాలు బిగించిన రోజు నిమ్మకాయ ఆయన చేతికివ్వను. నేనే దారిలో పెట్టి, వచ్చి పక్కన కూర్చుంటాను.

"ఇన్నేండ్లాయె, ఇంక గూడ నమ్మవా?" అంటాడు.

"నిన్ను నమ్ముత. ఒక్కసారే తొక్కు," అంటాను, ఆయన పాదం మీంచి చూపు తీయకుండా.