అచ్చులో వదిలిన దారం

జమ్మలమడుగులో మా అయ్యవారు పోయారని ప్రొద్దుటూరు బస్టాండులో కండక్టరు చెప్పాడు. పోయి రెండు రోజులైందట. దహనం కూడా అయిపోయిందట. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఆయన జ్ఞాపకంగా వేస్తున్న ఈ సంచికకు నన్ను రాయమన్నారు. నేను చదువుకున్నవాణ్ణి కాను. యాభై దాటినాక అక్షరాలు దిద్దినవాణ్ణి. దిద్దించింది ఆయనే. రాతలో తప్పులుంటే ఆయన మీద వేయండి. నా నేతలో మాత్రం వెతకొద్దు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆయన ప్రొద్దుటూరు హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. మా వీధిలోనే బాడుగకు ఉండేవారు. ఫిఫ్తు ఫారం పిల్లలకు శుక్రవారం కడపటి పీరియడులో తాను రాస్తున్న కథ కొంచెం కొంచెం చదివేవారు. అది ఒక మగ్గం ఇంటి పిల్ల కథ. పదిహేనేండ్ల పిల్లకు విషజ్వరం వచ్చి తగ్గుతుంది. తగ్గేసరికి తానెవరో తెలియదు. ఎదురుగా కూర్చున్న నాయనను చూసి మీరెవరంటుంది.

“పిల్లోల్లకు ఇంత దిగులు కథ ఏంది అయ్యవారూ? రాజులు లేరా, దయ్యాలు లేవా?” అన్నాను.

“ఆ వయసోల్లకు ఇదే దయ్యం మామా. నువ్వు ఇట్లాంటోనివి, ఇట్లే ఉండాల అని ఇంట్లో అందరూ చెప్తాంటారు. నిజంగా నేనెవురు అని వాళ్లకు లోపల గుబులు. ఈ పిల్లను చూస్తే, గుబులు మాకొక్కరికే కాదులే అనుకుంటారు.”

ఒకరోజు నోటుపుస్తకం తెచ్చి మా గడపలో కూర్చుని చదివారు. బిడ్డకు జబ్బు చేస్తే నాయన మనసు విరిగి, మగ్గం మీది గుడ్డ కోసేసి, పోగులు దూరే పళ్ల అచ్చులో ఒక్క దారం లేకుండా లాగేశాడని రాశారు.

“ఏ నేతగాడూ అట్ల చెయ్యడు” అన్నాను.

“దుఃఖంలో చేసినాడు మామా.”

“పెండ్లాం సచ్చినా చెయ్యడు. నమ్మకుంటే ఈడ కూర్చొని సూడండి.”

నిలువు పోగుల పడుగు అయిపోతే గుడ్డ కోస్తాం గానీ, అచ్చులో జానెడు పాత దారం వదిలిపెడతాం. కొత్త పడుగులో ఒక్కొక్క పోగునూ ఆ పాత కొసకు మెలిపెట్టి అతుకుతాం. మా ఇంట్లో అది నన్ను కట్టుకున్న ఆడమనిషి పని. పోగు జారకుండా వేలికి బూడిద రాసుకుని పొద్దంతా కూర్చుంటుంది. పాతది లాగేస్తే ప్రతి పోగునూ మళ్లీ మొదటి నుంచి దూర్చుకోవాలి.

ఆయన మధ్యాహ్నం దాకా రెప్ప వేయకుండా చూశారు. చూసి ఆ పేజీ అక్కడే చించేశారు. “తెలిసినోడు తప్పంటే మనం కొట్టేసుకోవాల్సిందే” అన్నారు. ఆ మాట అనే పెద్ద చదువులవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. కొత్తగా రాసిన దాంట్లో ఆ పిల్లకు ఏమీ గుర్తుండదు. కానీ వేలికి బూడిద రాసుకుని అచ్చు ముందు కూర్చుంటే, పోగులు సరిగ్గా అతుకుతుంది. నాయన ఎదురుగా కూర్చుని అందిస్తుంటాడు.

నాయన ఎవరో ఆమెకు గుర్తొచ్చిందా లేదా, అది మాత్రం రాయలేదు. కడపటి పేజీ ఖాళీగా వదిలేశారు. పిల్లలు గోల చేశారు. నేను వాళ్లకంటే ఎక్కువ చేశాను.

“గుర్తుకు రావాల. ఆ నాయన ఏం పాపం చేసినాడు?”

“నీకట్ల కావాలంటే నువ్వే రాయి. అక్షరాలు నేను నేర్పిస్తా.”

పౌరుషానికి నేర్చుకున్నాను. కథ అప్పటికే నాకు నోటికి వచ్చు కాబట్టి ఆ పుస్తకంలోనే అక్షరాలు పట్టుకున్నాను. చదవడం వచ్చింది గానీ ఆ పేజీ రాయడానికి చెయ్యి ఆడలేదు. రిటైరై సొంతూరు జమ్మలమడుగు పోయేటప్పుడు పుస్తకం నా చేతిలో పెట్టి, “రాసినాక తెచ్చి సూపియ్యి” అన్నారు.

మూడేండ్ల కిందట పులివెందులలో ఒక పెండ్లిలో కనిపించారు. సంతోషంతో చెయ్యి పట్టుకుంటే, “ఎవురప్పా నువ్వు? యాడుంటావు?” అన్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. మగ్గంవాణ్ణి నలుగురిలో గుర్తుపడితే తక్కువ అనుకున్నాడని ఇంటికి వచ్చేశాను. ఏడాది పాటు అటు తొంగిచూడలేదు. అదే జబ్బు మీద రాసిన కథతో అక్షరాలు నేర్చినవాణ్ణి, జబ్బు ఎదురుగా నిలబడితే పొగరనుకున్నాను. దీని మీద ఎవరూ నాకు ఓదార్పు చెప్పొద్దు.

ఇంట్లోవాళ్లు కూడా గుర్తుండట్లేదని ఆయన భార్య అయ్యవారమ్మ కబురు పంపితే పుస్తకం తీసుకుని పోయాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు.

“ఏం పనప్పా?”

“కథ సదువుదామని వచ్చినా.”

“సదువు.”

కూడబలుక్కుంటూ చదివాను. నేను ఒత్తు మింగిన చోటల్లా ఆయన దిద్దారు. అచ్చు అతికే చోటుకు రాగానే తలూపి, “ఎవురు రాసినారో గానీ, మగ్గం బాగా తెలిసినోడు” అన్నారు. మీరేనని చెప్పబోయి, పేజీ తిప్పాను.

“తర్వాత? ఆ పిల్లకు నాయన గుర్తొచ్చినాడా?”

పదేండ్లుగా గుర్తు రావాలని పోట్లాడినవాణ్ణి నేను. ఆ ముఖం చూసి అబద్ధం చెప్పలేకపోయాను.

“రాలేదు అయ్యవారూ. నాయన మాత్రం దినమూ ఎదురుగ్గా కూర్చొని పోగు అందిస్తానే ఉండాడు.”

“మళ్లా ఎప్పుడొస్తావప్పా?” అన్నారు.

“శుక్రవారం.”

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పోయాను. ప్రతిసారీ ఆయనకు నేను కొత్తవాణ్ణే, కథా కొత్తదే. దిద్దడం మాత్రం పాతదే.

కడపటి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. ఇప్పుడు రాయగలను. చూపించడానికి ఆయన లేరు.

నిన్న మగ్గం మీద పడుగు అయిపోయింది. గుడ్డ కోశాను. మా ఆడమనిషి బూడిద తెచ్చుకుని, “అతుకుదునా?” అంది. ఈ శుక్రవారం దాటిపోనీలే అన్నాను. అచ్చులో జానెడు దారాలు వేలాడుతున్నాయి. వాకిట్లోంచి గాలి వచ్చినప్పుడల్లా కదులుతున్నాయి.