చిక్కుడు పండుగ తర్వాతే పాలసీ

మా బావ భద్రయ్య కొమ్ములు పెట్టుకుని నిలబడితే అడవిలో అసలు దున్నలు సిగ్గుపడి పక్కకు తప్పుకుంటాయని చెన్నైలో ఒక తమిళాయనకు చెప్పాను. ఆయన నమ్మాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణే గానీ, నమ్మించే పనిలో మాత్రం పెద్ద చదువుల వాళ్ళను వరసగా కూర్చోబెట్టి పాఠం చెప్పగలను. అయితే ఇప్పుడు చెప్పబోయే దానిలో నేను కలిపింది తక్కువ. కలపాల్సిన అవసరం రాలేదు.

మా గూడెం బూర్గంపాడు దాటి అడవిలోకి పోయే దారిలో ఉంది. మాది కోయల కొమ్ము ఆట. మగవాళ్ళం తలకు దున్నకొమ్ముల పాగా కట్టి, మెడకు ఇంత పొడుగు డోలు వేసుకుని ఆడతాం. ఆడవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని రేల పాట పాడతారు. బృందానికి పెద్ద మా బావ. పాట ఎత్తుకునేది మా అక్క జంపక్క, ఆయన భార్య. ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్ళు అందుకుంటారు. డోళ్ళు ఎంత మోగినా ఆ గొంతు పైనే ఉండేది. గోదారికి అవతల భద్రాచలంలో మేకలు తల ఎత్తి చూసేవని నేను అంటే అక్క నన్ను చీపురుతో కొట్టేది.

బావకు ఒక జబ్బు ఉంది. ఒక్కదానితో రెండు పనులు కావాలి. ఇద్దరు కొడుకుల మొక్కులు ఒక్క మేకతో తీర్చాడు, ముందు సగం పెద్దోడిది, వెనక సగం చిన్నోడిది అని వేల్పుకు ముందే చెప్పుకున్నాడు. ఒక చుట్టను రెండుసార్లు తాగుతాడు, పొగ లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి. ఈ మాట ఆయన ముందే అనేవాణ్ణి. బామ్మర్దిని గదా, నా నోటికి అడ్డు లేదు.

సత్తుపల్లి బొగ్గు గనుల దగ్గర సభలకూ, టేకులపల్లికి పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడూ ఆడేవాళ్ళం. ఎవరో ఫోనులో తీసిన మా ఆట చెన్నై కాంట్రాక్టరు కంటబడింది. ఆయన దగ్గర పనిచేసే రెడ్యా, మన టేకులపల్లి తండా మనిషే, గూడెం దాకా వచ్చి బేరం కుదిర్చాడు. చలికాలంలో చెన్నై నుంచి లంక దాకా పోయి వచ్చే షికారు ఓడలో ఆట. ఉగాదికి సింగపూరు తెలుగువాళ్ళు పిలిచారు, అది విమానం. మళ్ళీ వచ్చే చలికాలం అదే ఓడ. అసలు కొమ్ములు దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదు గనక బూరుగు చెక్కతో కొమ్ములు చెక్కించి నల్లరంగు పూశాం.

రెడ్యా పెట్టిన షరతు ఒక్కటే. అందరికీ ప్రయాణ బీమా ఉండాలి, దాన్ని బృందమే తీసుకోవాలి. బావ భద్రాచలంలో బీమా ఏజెంటు సంగీత దగ్గరికి పోయాడు. ఆ రోజు నేను డోళ్ళకు తోలు బిగించే పనిలో ఉన్నాను. వాళ్ళిద్దరి మధ్య జరిగిన మాటలు సంగీత నాకు తర్వాత చెప్పింది.

"మామా, ఏడాది మొత్తానికి ఒకటే పాలసీ ఉంటది. ఏడాదిల ఎన్నిమార్లు పోయినా అదే చాలు. మొదలు తారీకు నువ్వే చెప్పాలె."

"మొదలు నేను చెప్పుడేనా?"

"అవ్. ఓడ ఎక్కే ముందు రోజు పెడదాం."

బావ కాసేపు గడ్డం గోక్కున్నాడట. "వచ్చే ఏడు ఓడ ఇంకో వారం ఆలస్యమైతదంటున్నరు. అప్పటికి ఇది ఒడుస్తది గద?"

"ఒడుస్తది. అప్పుడు కొత్తది తీసుకోవాలె."

"అదే ఈ ఓడ దిగొచ్చినంక మొదలుపెడితె?"

"సింగపూరుకు పనికొస్తది, వచ్చే ఏటి ఓడకూ పనికొస్తది. ఈ ఓడకు మాత్రం రాదు. మామా, గా పని చెయ్యకు. దేశం దాటినంక మొదలుపెడతానంటె ఎవ్వలూ ఒప్పుకోరు."

ఆమె నవ్వుతూ చెప్పింది. బావ మాత్రం నవ్వలేదు, మొఖం పెద్దమనిషిలా పెట్టాడు. "మాకు చిక్కుడు పండుగ కావాలె బిడ్డా. పండుగ కాకుండా కొత్తది ముట్టం."

అది నిజమే. మా దగ్గర కంచె మీద చిక్కుడు ఎంత విరగకాసినా, ఊరంతా కలిసి వేల్పుకు పెట్టేదాకా ఒక్క కాయ తెంపరు. మామిడి అంతే, ఇప్పపువ్వు అంతే. సంగీత బూర్గంపాడు పిల్ల, ఈ కట్టు తెలిసినదే. పండుగ ఓడకు ముందే వస్తుంది గనక సరే అని ఊరుకుంది.

ఆ సంగతి బావ ఇంట్లో చెప్తుంటే అక్క కట్టెల పొయ్యి ఊదుతోంది.

"పాలసీ ఏమన్న కాయనా, గింజనా? దానికి పండుగేంది?" అంది తల తిప్పకుండా.

"కొత్తది కొత్తదే."

"గట్లయితే నీ కొత్త అంగీ కూడా ఇప్పెయ్. వేల్పు పేరు చెప్పి నీ తెలివి నడపకు."

నేను పగలబడి నవ్వాను. బావ అంగీ సర్దుకుని బయటికి పోయాడు.

పండుగకు ఇంకా కొద్ది రోజులు ఉన్నాయనగా గూడెంలో ముసలమ్మ నాగక్క చనిపోయింది. ఊళ్ళో చావు జరిగితే పండుగ ఆగుతుంది. ఊరి పెద్ద పటేలు ఆలోచించి ఇంకో పున్నమికి జరిపాడు. అంటే ఓడ పోయి వచ్చిన తర్వాత. నాగక్కను మోసుకుపోతుంటే బావ నా ముందు నడుస్తున్నాడు. మధ్యలో భుజం మార్చుకోవడానికి వెనక్కి తిరిగాడు. ఆ మొఖం అప్పుడు నాకు అర్థం కాలేదు. సంతలో బేరం కుదిరిన మనిషి మొఖం అది.

సంగీత ఎన్నోసార్లు ఫోన్ చేసింది. "పండుగ కాలే బిడ్డా" అని బావది ఒకటే మాట. చెన్నై రేవులో రెడ్యా అడిగాడు, "భద్రన్నా, అందరికి ఇన్సూరెన్స్ అయింది గద?" బావ "అవ్" అన్నాడు. డోళ్ళు దింపే హడావిడిలో రెడ్యా దాన్ని పట్టుకుని వేలాడలేదు.

ఓడ గురించి చెప్పమంటే భద్రాచలం వంతెనను మడిచి దాని కడుపులో పెట్టవచ్చు. పొద్దున ఇడ్లీకి బయలుదేరితే అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం అన్నం వడ్డిస్తున్నారు. సరే, కాస్త పెంచాను. అక్క మాత్రం రైలింగు పట్టుకుని సముద్రం చూసి, "ఇన్ని నీళ్ళు, తాగనీకి ఒక్క చుక్క లేదు" అని నవ్వింది. నోరు నిండా నవ్వింది. అందుకే చెప్తున్నాను.

లంక రేవు బయట ఓడ లంగరు వేసి ఉంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత మేడ మీద మా ఆట. బావ కొమ్ములు ఊపుతున్నాడు, నేను డోలు మీద ఉన్నాను. అక్క పాట ఎత్తుకుంది. ఇప్పపువ్వు ఏరడానికి పోయి దారి తప్పిన పిల్ల పాట అది. రెండో చరణం సగంలో ఆగిపోయింది. ఆడవాళ్ళు అందుకోవడానికి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చరణం మరిచిపోయిందనుకుని బావ డోలు గట్టిగా కొట్టి కప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అక్క నోరు ఒక పక్కకు జారింది. కుడిచెయ్యి పక్కనున్న ఆమె భుజం మీద నుంచి జారి కింద వేలాడింది. తర్వాత మనిషి కూలిపోయింది.

ఓడ డాక్టరు జల్దీగానే వచ్చాడు. రెడ్యా ఆయన మాటలు తెలుగులో చెప్పాడు. మెదడులో రక్తం గడ్డ కట్టినట్టుంది, వెంటనే ఒడ్డుకు దించి స్కాన్ తీసి సూది వెయ్యాలి, ఆ సూదికి గడువుంది, గడువు దాటితే వేసి లాభం లేదు. పడవ సిద్ధంగా ఉంది. ఒడ్డు మీద దవాఖానా వాళ్ళు ఫోనులో ఉన్నారు.

"పాలసీ నంబర్ చెప్పు భద్రన్నా. వాళ్ళు అడుగుతుండ్రు. బీమావాళ్ళు హామీ ఇస్తె ఇప్పుడే తీసుకుంటరట."

బావ తల మీద కొమ్ములు అలాగే ఉన్నాయి. "పండుగ కాలే" అన్నాడు.

"ఏం పండుగ?"

"చిక్కుడు పండుగ."

రెడ్యా మొఖంలో రంగు పోయింది. బావ అతని చేతిలో ఫోను లాక్కుని సంగీతకు చేశాడు. "బిడ్డా, ఇయ్యాల్టి తారీకు వెయ్యి. ఇప్పుడే మొదలుపెట్టు. మీ అత్త పడిపోయింది."

ఆ పక్క నుంచి ఏడుపు వినబడింది. "రాదు మామా. నేను ముందే చెప్పిన గద మామా."

రెడ్యా చెన్నైకి చేశాడు. కాంట్రాక్టరు మీటింగులో ఉన్నాడు. ఆయన బయటికి వచ్చి, ఎవరో తెలిసినవాళ్ళ చేత హామీ చెప్పించి, రేవు వాళ్ళు దిగనిచ్చి, మేం పడవ ఎక్కేసరికి ఎండ వాలిపోయింది. పడవలో బావ అక్క కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు, చలికి కొంకర్లు పోయిన చేతిని రుద్దినట్టు. దవాఖానాలో డాక్టరమ్మ స్కాన్ చూసి, గడియారం చూసి, తల అడ్డంగా ఊపింది. ఆ ఊపుకు రెడ్యా తెలుగు అక్కర్లేకపోయింది.

ప్రాణం నిలిచింది. కుడిపక్క పోయింది, మాట పోయింది. ఇప్పుడు అక్క నోటి నుంచి వచ్చేది ఒకటే చప్పుడు, "ఆ". నీళ్ళకూ అదే, నొప్పికీ అదే. సింగపూరు వాళ్ళు వేరే బృందాన్ని చూసుకున్నారు. బూరుగు కొమ్ములను మేం ఓడలోనే వదిలేసి వచ్చాం, ఎవరూ తెమ్మనలేదు.

ఇంటికి తెచ్చినప్పుడు కంచె నిండా చిక్కుడు. పున్నమి ఇంకా రాలేదు. మెత్తగా ఉడికించినవే పెట్టాలని, అన్నం గొంతుకు అడ్డం పడుతుందని దవాఖానాలో చెప్పారు. అక్కకు చిక్కుడు అంటే ప్రాణం. ఒక పొద్దున బావ కంచె దగ్గరికి పోయి పట్టపగలు, అందరూ చూస్తుండగా, కాయలు తెంపడం మొదలుపెట్టాడు. నీళ్ళ బిందెలతో పోతున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. ఎవరో పటేలుకు చెప్పారు. ఆయన వచ్చి కంచె అవతల నిలబడ్డాడు.

"భద్రయ్యా, ఏందిది?"

"తప్పు రాసుకో. దండుగ ఎయ్యి. ఊళ్ళకు రావద్దంటె రాను. పండుగ పేరు జెప్పి ఇంకేది ఆపను."

పటేలు అక్క మంచం వైపు చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

బావ కాయలు ఉడికించి, పీచు తీసి, వేళ్ళతో మెదిపాడు. ఆయనకు వంట రాదు, వేళ్ళు కాలాయి. గిన్నె తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నేను అక్క తల ఎత్తి పట్టుకున్నాను.

"తిను జంపూ. నీకోసమే తెంపిన."

అక్క వాసన చూసింది. కళ్ళు గిన్నె మీద నుంచి కంచె మీదికి, కంచె మీద నుంచి గూట్లో ఉన్న వేల్పు మీదికి పోయాయి. పెదవులు బిగించింది. వంకర తిరిగిన నోరు అది, నీళ్ళు కూడా సరిగా ఆగని నోరు. అంత గట్టిగా ఎట్లా మూసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"తింటె ఏం కాదే. నేను జూసుకుంట. ఒక్క ముద్ద."

ఆమె ఎడమచెయ్యి లేచింది. గిన్నెను తొయ్యలేదు, కింద పడెయ్యలేదు. బావ చేతిలో నుంచి తీసుకుని, మెల్లగా, ఒలికిపోకుండా మంచం కింద పెట్టింది. తర్వాత ఆ చెయ్యి బావ కొత్త అంగీ అంచు పట్టుకుని ఒకసారి లాగి వదిలేసింది.

బావ ఆ అంగీని అక్కడికక్కడే విప్పేశాడు. ఒట్టి ఒంటితో కూర్చుని ఏడ్చాడు. పండుగదాకా అక్క గంజి మీదే ఉంది.