రైలును ఆపిన పొట్టి ఆవు

కురబలకోట నుంచి మదనపల్లెకు వచ్చే ఒక రోడ్డును ధర్మవరం–పాకాల రైలు లైను అడ్డంగా దాటుతుంది. అక్కడి గేటు కాగితాల్లో రైల్వేదే. కానీ పదకొండేళ్లుగా దాని చక్రం తిప్పుతున్నది మునీశ్వరి కాబట్టి అందరూ మునీశ్వరమ్మ గేటనే అంటారు.

ఆమె తండ్రి బాలప్ప ఈ లైను మీద కంకర కొట్టిన కూలీ. అప్పుడది మీటరుగేజి. మలుపుల్లో బండి ఎంత నింపాదిగా వచ్చేదంటే, జనం దిగి, చేలో శెనక్కాయలు ఒడినిండా పీక్కుని మళ్లీ అదే బండి ఎక్కేవాళ్లట. కూతురు సగమే నమ్మేది. బ్రాడ్‌గేజి వచ్చింది, బండికి వేగం పెరిగింది, కూలీ కూతురికి ఉద్యోగం దొరికింది. ఇక ఆమెది ఒకటే పట్టుదల. బండి బయల్దేరిందని స్టేషన్ నుంచి ఫోను వచ్చి గేటు వేసిందంటే, ఎవరి కోసమూ ఎత్తదు. సొంత మేనమామ స్కూటరు మీద కూర్చుని తిట్టిపోసినా ఎత్తలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేదు.

మొన్న శ్రావణంలో ఒక ఉదయం గేటు వేసిన కాసేపటికి, పుంగనూరు వరదరాజులు ఆటోలోంచి తన ఆవును దించి నడిపించుకొచ్చాడు. గృహప్రవేశాలకు బాడుగకిచ్చే ఆవు అది. పుంగనూరు జాతిది, మనిషి నడుమంత ఎత్తు కూడా ఉండదు. అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టేస్తుందని దానికి మంచి గిరాకీ.

"పదీ ఇరవైకి ముహూర్తమమ్మా. రవ్వంత ఎత్తు."

"ఎత్తనప్పా. బండి వస్తాండాది."

"రూలు మనుసులకు గదా. ఆవుకు యాడ రాసుండాది?"

"నువ్వు ఆగు. దాన్నీ ఆపు."

వరదరాజులు నవ్వుతూ తాడు వదిలి చేతులు కట్టుకున్నాడు. "నేనైతే ఆగినా. సూడు."

ఆవు తలైనా వంచకుండా గేటు కర్ర కిందుగా నడిచిపోయింది. అవతలికి పోయినా బాగుండేది. టెంపోల నుంచి రాలిన టమోటాలు పట్టాల నడుమ కనబడేసరికి అక్కడే నిలబడి తీరిగ్గా నమలసాగింది. వరదరాజులు దూరి వెళ్లి లాగాడు. కదల్లేదు. నవ్వు ఆరిపోయింది.

మునీశ్వరి ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురు పరుగెత్తింది. బండి కీచుమంటూ ఆగింది. లైను చూసుకుంటూ వస్తున్న ఇన్‌స్పెక్టరు ఇంజనులోంచి దిగాడు.

"గేటెందుకు తెరిచావు?"

"తెరవలేదు సార్. తాళం సూడండి."

"మరి ఆవు ఎగిరొచ్చిందా?"

"కింద దూరి వచ్చినాది సార్."

"కుప్పం లైనులో పన్నెండేళ్లు చేశాను. ఇలాంటి అబద్ధం వినలేదు. చార్జిషీటు రాస్తా."

అంతలో మునీశ్వరికి ఆయన సంచిలో కొలత టేపు కనబడింది.

"రాసే ముందు కొలవండి సార్."

గేటు కర్ర కింద ఖాళీ తొంభై ఆరు సెంటీమీటర్లు తేలింది. ఆవు మాత్రం ప్రభుత్వానికి సహకరించలేదు. మొదట టేపు నాకింది, తర్వాత తొక్కింది. చివరికి డ్రైవరు కొమ్ములు పట్టుకున్నాడు, వరదరాజులు తోక పట్టుకున్నాడు, ఇన్‌స్పెక్టరు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మూపురం కలిపి కొలవండి సార్!" కిటికీలోంచి ఒకాయన సలహా ఇచ్చాడు.

"కొమ్ములు కలపొద్దు!" అని పక్క పెట్టెలోంచి ఒకావిడ అరిచింది.

ఎనభై మూడు. బండి మొత్తం ఈలలు వేసింది.

ఇన్‌స్పెక్టరు ప్యాంటు దులుపుకుని, గేటు వేసే ఉందని, ఉద్యోగి తప్పు లేదని, కర్రకు కిందుగా గొలుసులు వేలాడదీయాలని రాసుకున్నాడు. తాడు వదిలినవాడిగా వరదరాజులు చేత సంతకం పెట్టించాడు. ఆ లోపల వరదరాజులు సెల్ మోగుతూనే ఉంది. "వస్తాండామప్పా! ఆవును రైలోళ్లు కొలస్తాండారు!" అవతలివాళ్లు నమ్మినట్టు లేదు.

ఆవును పక్కకు లాగారు. బండి కదిలి వెళ్లిపోయింది. టైము పదీ పదిహేను.

"ఇప్పుడైనా ఎత్తమ్మా!"

"బండి ఎందుకు ఆగిందో స్టేషన్‌కు చెప్పాల గదప్పా," అంటూ మునీశ్వరి గదిలోకి పోయి, స్టూలు మీద కుదురుగా కూర్చుని ఫోనెత్తింది. "సార్, ఒక ఆవు. ఏమి సార్? సరిగా వినబడలేదా? అయితే మొదట్నుంచీ చెప్తా."