వెంకటదుర్గ కట్టిన తెలుగు గొంతు

కొత్తపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ లైబ్రరీలో వెంకటదుర్గకి తొమ్మిదేళ్ల సర్వీసు. కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి, వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. అట్ట మీద ఉన్నది పక్కసీటు విజయ చదివి చెబుతుంది, దుర్గ టైపు చేస్తుంది. ఆమెకి చూపు లేదు. అందుకని తను టైపు చేసినదాన్ని కంప్యూటరు పైకి చదువుతుంటే ఇయర్‌ఫోనులో విని సరిచూసుకుంటుంది. అలా రోజుకి డెబ్బై పుస్తకాలు ఎక్కించేది. ఒకసారి ప్రిన్సిపాలుగారు అనుమానమొచ్చి తనిఖీ చేయిస్తే, తప్పులు ఎక్కువ దొరికింది విజయ సొంతంగా ఎక్కించిన పుస్తకాల్లోనే.

దుర్గది ఉప్పలగుప్తం. తండ్రి రొయ్యల చెరువుల దగ్గర కాపలా మనిషి. పదకొండో ఏట మెదడువాపు జ్వరం వచ్చి ఆమెకి చూపు పోయింది. పిల్లకి హార్మోనియం నేర్పించమని ఊళ్లో ప్రతివాళ్లూ సలహా ఇచ్చారు. ఆమెకి పాటలంటే సరదా లేదు, లెక్కలంటే ఇష్టం. అంధుల బడికి పంపమని తండ్రితో పోట్లాడి, అక్కడ చదువూ కంప్యూటరూ నేర్చుకుని, డిగ్రీ పూర్తిచేసింది. ఎవరైనా "పాపం" అంటే ఆ రోజుల్లో ఎంత మండిపడేదో, ముప్పై ఆరేళ్లొచ్చినా అంతే మండిపడుతుంది.

"మా ఆవిడకి కోపం కొంచెం ఎక్కువండి" అని నవ్వేవాడు భర్త మాణిక్యాలరావు. కొబ్బరికాయల లారీలకి అతను లోడింగు మేస్త్రీ.

"ఎక్కువేం కాదు. నాకు సరిపడా ఉంది" అనేది దుర్గ.

పోయినేడు వేసవి సెలవుల్లో కాలేజీ కంప్యూటర్లన్నిటికీ వాటిని నడిపే ఉచిత సాఫ్ట్‌వేరు లినక్స్ కొత్త వెర్షను వేశారు. సెలవులయ్యాక దుర్గ వచ్చి సీట్లో కూర్చుని మొదటి పుస్తకం పేరు టైపు చేసింది. ఇయర్‌ఫోనులో ఇంగ్లీషు గొంతు, "తెలుగు లెటర్, తెలుగు లెటర్, తెలుగు లెటర్" అంది. ఏ అక్షరమో చెప్పదు. ఎన్నిసార్లు కొట్టినా అదే నస.

కంప్యూటర్ల బాధ్యత చూసే సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి దగ్గరికి వెళ్లింది. కాలేజీలో అందరూ ఆయన్ని సిస్టమ్స్ సారంటారు.

"కొత్త వెర్షన్లో తెలుగు గొంతు రాలేదమ్మా. ఎవరో ఒకరు సరిచేస్తారు, ఆగాలి" అన్నారాయన.

"ఎన్నాళ్లండి?"

"ఫ్రీగా ఇచ్చేది కదా, వాళ్ల ఇష్టం."

"పోనీ నా ఒక్క మెషీనుకైనా పాతది వెయ్యండి సార్."

"రూల్సు ఒప్పుకోవమ్మా. అయినా మీకు ఈ అవస్థంతా ఎందుకు? ప్రిన్సిపాలుగారితో చెప్పేను. గుమ్మం దగ్గర బ్యాగుల కౌంటర్లో కూర్చోండి. హాయిగా ఉంటాది."

మర్నాటి నుంచి దుర్గ బ్యాగుల కౌంటర్లో కూర్చుంది. పిల్లలు బ్యాగు ఇస్తే ఇత్తడి టోకెను ఇవ్వాలి, టోకెను ఇస్తే బ్యాగు ఇవ్వాలి. లోపల కొత్త పుస్తకాల అట్టపెట్టెలు విప్పుతున్న చప్పుడు వినబడుతుంటే ఆమెకి ఒళ్లు మండిపోయేది. తొమ్మిదేళ్ల పనిని ఒక్క మాటతో పక్కన పెట్టేసి, పైగా అదేదో మేలు చేసినట్టు హాయి అంటాడా ఈయన?

ఇంట్లో ఆమెకి సొంత ల్యాప్‌టాప్ ఉంది. దాన్లోనూ అదే వెర్షను వేయించి, ఇంటర్నెట్లో వెతకడం మొదలెట్టింది. తెలుగు గొంతు రావడం లేదని ఎవరో అప్పటికి ఎనిమిది నెలల కిందటే ఫిర్యాదు రాశారు. దాని కింద ఒకే ఒక్క జవాబు ఉంది: "అసలు ఇది వాడేవాళ్లున్నారా?" ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు.

దుర్గ ఇయర్‌ఫోను పీకి బల్ల మీద కొట్టింది. "ఉన్నారా అంట! లేకపోతే రాసింది దెయ్యమా?"

పైకి చదివే ఆ సాఫ్ట్‌వేరు మూలం, అంటే దాన్ని రాసిన అసలు కోడంతా, ఇంటర్నెట్లో ఒకచోట అందరికీ తెరిచే ఉంటుంది. దాన్ని తెచ్చుకుని ప్యాకేజీగా, అంటే ఒకే మూటగా, కడితేనే మన కంప్యూటర్లో ఎక్కించుకోవడానికి వీలవుతుంది. ఆ కట్టేదేదో తనే కడదామనుకుంది దుర్గ. మునుపెప్పుడూ చేసిన పని కాదు. చేసేవాళ్లు రాసిపెట్టిన సూచనలు ఇంగ్లీషు గొంతుతో చదివించుకుంటూ ఒక ఆదివారం పొద్దున్న మొదలెట్టింది.

మొదటిసారి రెండు నిమిషాల్లో ఆగిపోయింది. కట్టడానికి పనిముట్లుగా కావలసిన ప్రోగ్రాములు ఆరు లేవట. వాటి పేర్లు అక్షరం అక్షరం విని ఒక్కొక్కటే తెచ్చి పెట్టుకుంది. రెండోసారి సగంలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోవడంతో మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి ప్యాకేజీ తయారైంది. ఆత్రంగా ఎక్కించి తెలుగు టైపు చేస్తే, "తెలుగు లెటర్, తెలుగు లెటర్."

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారేమో. కట్టేటప్పుడు కంప్యూటరు తను చేస్తున్న ప్రతి పనినీ రాసిపెట్టుకుంటుంది. ఆ రాత మూడువేల లైన్ల పైన ఉంది. కాలేజీ నుంచి వచ్చాక రోజూ సాయంత్రం కూర్చుని మొత్తం వింది. నాలుగో రోజున దొరికింది. తెలుగు గొంతు ఫైలు శుభ్రంగా తయారవుతోంది. కానీ ప్యాకేజీలో ఏమేం పెట్టాలో రాసుకునే జాబితాలో దాని పేరు లేదు.

"అంటే ఏంటే?" అన్నాడు మాణిక్యాలరావు.

"కాయ గోడౌన్లోనే ఉందండి. లోడింగు చీటీలో రాయలేదు. అంచేత లారీ ఎక్కలేదు."

"ఓరి వీళ్ల ఇల్లు బంగారంగానూ! చీటీ రాసినోడు ఒకసారి చూసుకోడా?"

దుర్గ ఆ లైను చేర్చింది. ప్యాకేజీతోపాటు వెళ్లే మార్పుల చిట్టాలో ఏం మార్చిందో, ఎవరు మార్చారో తెలుగులో రాసి మళ్లీ కట్టింది. ఎక్కించాక "ఉప్పలగుప్తం" అని టైపు చేసింది. కీచుగా, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు, "ఉప్పలగుప్తం" అంది ఆ గొంతు.

సంతోషం ఒక్క క్షణమే. ఒక్క లైను! దాని కోసం రెండు నెలలు తన చేత బ్యాగులు కాపలా కాయించారు!

ఆ మార్పుని ఇంటర్నెట్లో ఆ సాఫ్ట్‌వేరు మూలం చూసుకునేవాళ్లకి పంపింది. ప్యాకేజీని పెన్‌డ్రైవులో పెట్టి సిస్టమ్స్ సారుకి ఇచ్చింది. ఆయన "చూస్తాలే" అని జేబులో వేసుకున్నారు. వారం తర్వాత ఆమె సీటు దగ్గర కంప్యూటరు మళ్లీ తెలుగు చదువుతోందని అటెండరు నూకాలమ్మ వచ్చి చెప్పింది. సీట్లోకి రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు.

పిలిచింది కాలేజీని తనిఖీ చేసే పరిశీలన బృందం వచ్చిన రోజున. ప్రిన్సిపాలుగారు ఆమెని ఆ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, బృందంలోని పెద్దావిడతో, "తెలుగు చదివే ఈ గొంతుని మా అంధ సిబ్బంది కోసం సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు స్వయంగా తయారుచేసేరండి" అన్నారు.

దుర్గ లేచి నిలబడింది. "కాదండి. అది నేను కట్టేను."

"ఆవిడ వాడతారండి, అదీ సంగతి" అని నవ్వబోయారు ప్రిన్సిపాలుగారు.

"వాడేదీ నేనే, కట్టిందీ నేనేనండి. సార్, ఏ లైను తప్పిపోయిందో మీరు చెప్పండి."

"అదంతా టెక్నికలమ్మా, ఇక్కడెందుకు?" అన్నారు సిస్టమ్స్ సారు.

"టెక్నికలే అడుగుతున్నానండి, చెప్పండి."

దుర్గ కూర్చుని ప్యాకేజీ మార్పుల చిట్టా తెరిచింది. అందరికీ వినబడేలా ఇయర్‌ఫోను వైరు ఊడలాగింది. "తెలుగు గొంతు ఫైలును జాబితాలో చేర్చడమైనది. వెంకటదుర్గ, కొత్తపేట" అని చదివింది కంప్యూటరు.

పెద్దావిడ చప్పట్లు కొట్టేసింది. "ఎంత ఇన్‌స్పిరేషనండీ! చూపు లేకపోయినా..."

"చూపున్నవాళ్లు ఎనిమిది నెలలు ఊరుకున్నారండి, అంచేత నేను చేసేను" అంది దుర్గ. "చప్పట్లొద్దండి. నా పని నాకిప్పించండి."

సోమవారం నుంచి సీటు తిరిగి ఆమెదైంది. కాలేజీ అచ్చువేసిన వార్షిక నివేదికలో మాత్రం, "సిబ్బంది సహకారంతో శ్రీ సుబ్రహ్మణ్యేశ్వరరావు రూపొందించిన" అనే ఉంది. విజయ చదివి వినిపించగానే దుర్గ దాన్ని పట్టుకుని ప్రిన్సిపాలుగారి గదికి వెళ్లింది. వచ్చే ఏడాది సరిచేద్దామన్నారాయన. ఇప్పుడే సరిచేయమని కాగితం రాసిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకుని మరీ వచ్చింది. దానికి ఇంతవరకూ జవాబు లేదు. నెల తిరిగేసరికల్లా మళ్లీ రాస్తూనే ఉంది.

మూలం చూసుకునేవాళ్లు ఆమె పంపిన లైనుని తీసుకున్నారు. తెలుగు గొంతు ప్యాకేజీని ఇకమీదట మీరే చూసుకుంటారా అని అడిగితే సరేనంది. ఈ జూన్‌లో కొత్త వెర్షను వస్తుందనగానే ముందే కట్టి, విని, బాగుందని వాళ్లకి రాసింది.

కాలేజీలో ఆ వెర్షను వేసేముందు నూకాలమ్మ వచ్చి, "తెలుగు గొంతుకేం ఇబ్బంది ఉండదు గదాని సారు మిమ్మల్ని కనుక్కోమన్నారండీ" అంది.

"సార్నే వచ్చి అడగమనండి, నూకాలమ్మగారూ."

రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడోరోజు మధ్యాహ్నం బూట్ల చప్పుడు ఆమె బల్ల దగ్గరకొచ్చి ఆగింది. సిస్టమ్స్ సారు గొంతు సవరించుకుని, "వెయ్యొచ్చాండీ, దుర్గగారూ?" అన్నారు.

"ఆయ్, వెయ్యండి" అని, ఆమె తర్వాతి పుస్తకం చదవమని విజయకి చెప్పింది.